పెట్టెలో లేని స్వెటరు

అక్కా,

విరిగిన చెయ్యి అతుక్కుంది, రాయగలుగుతున్నాను.

మీ రాష్ట్రానికి వచ్చేస్తాను, రేవు పట్నమా, కొండల నగరమా అని పక్కింటి టీచరమ్మ చేత రాయించి అడిగితే, కుట్టుపని బోలెడు దొరికేది రేవు పట్నంలోనే అని రాశావు. కానీ నీ కవరు విప్పి మళ్ళీ అంటించి ఉంది. ఆ మైదా జిగురు మా ఆయన పుస్తకాల బైండింగుకు వాడేదే.

ఇవాళ అటక మీద దాచిన నా పెట్టె తెరిస్తే స్వెటరు లేదు. "సముద్రం పక్కన చలెక్కడిదే? ఇద్దరికీ టికెట్లు తీశాను" అంటూ ఆయన వెనకనుంచి నవ్వాడు.

అందుకే కొండల నగరానికి వస్తున్నాను, ఒక్కదాన్నే. ఈ ఉత్తరం టీచరమ్మే పోస్టు చేస్తుంది. జవాబు రాయకు. ఆదివారం శాలువా పట్టుకుని అక్కడి స్టేషనుకు రా. నేను దిగకపోతే, ఆయన ఏం చెప్పినా నమ్మకు.

నీ చెల్లి