మూడు వోల్టుల స్టిక్కరు

కర్నూలు.

చెల్లీ క్రిస్టీ,

ఫోను చేస్తే నీ చెవితో పాటు మీ వదిన చెవి కూడా వింటుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు. బాగున్నాననే రాయాలని కూర్చున్నాను, కుదరలేదు.

నువ్వు రాజంపేటలో మీ అన్న ఇంటికి వెళ్ళాక వంట నా ఒక్కదానికే కదా, చిటికెలో అయిపోతుంది. మిగతా పగలంతా ఏం చేయను? నీ కుట్టుమిషను గదిలో చెక్క మీద అంకెలు చెక్కే యంత్రం ఒకటి బిగించాను. సీఎన్‌సీ అంటారు. కంప్యూటరు చెప్పినట్టు మోటార్లు కదులుతాయి, వాటితో పాటు చిన్న బిట్టు తిరుగుతూ చెక్కను తొలుస్తుంది. మన చర్చిలో పాటల నంబర్లు పెట్టే బోర్డుకు అంకెలు విరిగిపోయాయి కదా, కొత్తవి చేసిద్దామని. ఐటీఐలో నువ్వు కుట్టు నేర్పినన్నాళ్ళూ నేను ఎలక్ట్రీషియన్ పాఠమే చెప్పాను, ఇదేం పెద్ద పని అనుకున్నాను.

ముందుగా ఎనిమిది అంకె చెక్కి చూస్తే కలవలేదే! మొదలైన చోటికి తిరిగి రావాల్సిన గీత పక్కకు జారి ఆగిపోయింది. ఈ స్టెప్పర్ మోటార్లు అడుగులు లెక్కపెట్టుకుంటూ తిరుగుతాయి. నిలబడి ఉన్నప్పుడు చేత్తో తిప్పినా కదలవు, అంత పట్టు. పరిగెత్తమంటే మాత్రం మూలిగి అడుగులు మింగేస్తాయి. మోటార్లు మార్చి ఇమ్మని బురుజు దగ్గర అంగడికి పోతే, అవి అమ్మిన రంగస్వామి తిట్టినంత పని చేశాడు.

"మోటార్లు బాగనే ఉండాయి మేడమ్. పన్నెండు వోల్టుల సప్లై పెట్టి పరిగెత్తమంటే యాడ పరిగెత్తుతాయి? ముప్పై ఆరుది పెట్టండి."

"మోటారు స్టిక్కరు మీద మూడు వోల్టులని ఉండాది చూడప్పా. పన్నెండే ఎక్కువని నేను భయపడతాండా."

"అది నిలబడినప్పటి లెక్క. కరెంటు ఎంత పోవల్లో మోటారు ముందుండే డ్రైవరు బోర్డు చూసుకుంటాది, కాలనీదు. వోల్టులుంటేనే పరుగు."

నాకు మనసొప్పలేదు. స్టిక్కరు దాటి ఇవ్వొద్దని ఎంతమంది పిల్లల చెవులు మెలేశాను! కరెంటు ఇచ్చే ఆ ముప్పై ఆరు వోల్టుల సప్లై కొని తెచ్చాను గానీ పెట్టె విప్పలేదు.

ఇక అసలు మాట. మీ అన్న వచ్చి నిన్ను రమ్మన్నప్పుడు నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. 'నువ్వేమంటావక్కా' అంటే నీ సొమ్మేం పోయేది? ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉన్నాం, నేను నీకు ఏమీ కానా? మొన్న కరెంటు పోతే "క్రిస్టీ, కొవ్వొత్తి యాడ పెట్టినావే" అని అరిచాను. ఆ తర్వాత చీకట్లో కూర్చుని ఏడ్చాను.

అందుకే కడపలో ముసలి ఆడవాళ్ళ ఆశ్రమానికి రాసుకున్నాను. రమ్మన్నారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తాను. యంత్రాన్ని పాత ఇనుముకు వేస్తాను. నీ కుట్టుమిషను ఎవరికివ్వాలో రాయి.

నీ మణక్క


రాజంపేట.

మణక్కా,

నీకు దండం పెట్టి మరీ తిడుతున్నాను. నా కుట్టుమిషను ఎవరికీ ఇవ్వొద్దు. దాన్ని ఎందుకు వదిలి వచ్చాననుకున్నావు? బస్సులో పట్టకనా?

అన్న అడిగినప్పుడు నేను నీ మొహమే చూశాను. నువ్వు పప్పుకు తిరగమోత పెడుతూ, "మీవాళ్ళ కాడ ఉంటే మంచిదేలే" అన్నావు. సంచులకు తాళ్ళు నువ్వే కట్టావు. కిటికీ సీటు కోసం కండక్టరుతో పోట్లాడిందీ నువ్వే. బస్సు కదిలేదాకా 'పోవద్దే' అంటావేమోనని చూశాను. మైదుకూరులో దిగి వెనక్కి వద్దామనుకున్నాను. ఉండమని అనని మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని రాను?

ఇక్కడ అందరూ మంచివాళ్ళే. వేళకు అన్నం పెడతారు. నాతో తగాదా పడేవాళ్ళే లేరు.

కరెంటు సంగతి నాకేం తెలుసు? ఒక్కటి అడుగుతాను. ఆ మోటారుకు మూడు వోల్టులు చాలనుకున్నట్టే నాకూ చాలనుకున్నావా? ఇంకాస్త ఇస్తే కాలిపోతానా? ముందు ఆ పెట్టె విప్పు.

క్రిస్టినా


కర్నూలు.

క్రిస్టీ,

విప్పాను, బిగించాను. సిగ్గు విడిచి చెప్తున్నా, స్విచ్చిని చీపురు కర్రతో నొక్కాను. ఏమీ కాలలేదు. కాసేపు తిరిగాక మోటారు మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. ఎనిమిది కలిసింది. రంగస్వామికి చెప్పలేదు, నెత్తికెక్కుతాడు.

చర్చి అంకెలు నిదానంగా చేస్తాను. ముందు మన గేటుకు బోర్డు చెక్కాను. నా పేరు జ్ఞానమణి పక్కన క్రిస్టినా. నీ పేరులో రెండేసి ఒత్తులు పెట్టినందుకు మీ నాన్నను తిట్టుకున్నాను గానీ, మోటారు ఒక్క అడుగూ తప్పలేదు. కడప వాళ్ళకు రాలేనని రాసేశాను.

నువ్వు పోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజూ లేదు. వచ్చేయవే. నీ గదిలో యంత్రం అడ్డంగా ఉంది, ఇద్దరం కలిసి జరుపుదాం. కిటికీ సీటు కోసం ఈసారి నువ్వే పోట్లాడుకో. నేను ఇక్కడ బస్టాండులో ఉంటాను.

నీ మణక్క