దారంతో వచ్చిన వేలి కొలత

అమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. వచ్చే ఆదివారం మన ఊరి చర్చిలో నాకు నిశ్చితార్థం. పిల్ల పేరు కరుణ. అందరి ముందు నేను తొడిగే ఉంగరం ఆమె వేలికి సరిపోవాలి. ముందే వెళ్లి ఆ వేలు కొలవడం నాకు తగదు. వాళ్లన్నకు ఉత్తరం రాస్తే, వేలికి చుట్టి తెంపిన దారాన్ని కవరులో పెట్టి నా హాస్టలుకు పంపాడు.

ఈరోజు క్లాసులయ్యాక తార్నాకలో ఒక కంసాలి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ దారాన్ని నంబర్లు గీసిన కడ్డీకి చుట్టి చూశాడు.

"పన్నెండు వస్తున్నది. గిది వేలి మొదట్ల కొలిచిండ్రా, కణుపు మీదనా?"

"తెల్వదు."

"మంచిగున్నది పో! కణుపు దాటకుంటే ఉంగరం గాడనే ఆగుతది, అందరు నవ్వుతరు. మీ అమ్మను పంపు బిడ్డా. పిల్ల చెయ్యి పట్టుకొని చూసొస్తది."

నువ్వు లేవని చెప్పడానికి నోరు రాలేదు.

"ఊరికి పోయింది. రాంగనే పంపిస్త" అన్నాను.

"అయితే ఆమె వచ్చినంకనే చేస్త" అని దారం నా చేతిలో పెట్టాడు.

రేపు మెట్టుగూడలో ఇంకో కంసాలిని వెతకాలి. అక్కడ ముందే చెప్తాను, అమ్మ లేదని.