బాయిలర్ వెలిగించకు

ఆల్విన్, లోపలికి వెళ్లకు. అందుకే చీటీ తలుపుకి బయట అంటించాను. మీటరు దగ్గర గ్యాస్ కట్టేశాను, నువ్వు మళ్లీ తిప్పకు. కిటికీలు తెరిచే ఉండనీ. గ్యాసు మనిషికి తాళం పక్కింటి బెథన్ ఇస్తుంది. నువ్వు నేరుగా ఆసుపత్రికి రా, నీ రక్తం కూడా చూడాలట.

పొద్దున లౌరీని బడికి లేపితే లేవలేదు. మూడుసార్లు కుదిపాక "అమ్మా, గది తిరుగుతోంది" అని మళ్లీ ఒరిగిపోయింది. ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. చల్లగాలికి కళ్లు తెరిచింది కానీ మాట ఇంకా ముద్దగానే ఉంది.

ఫోనులో గ్యాసువాళ్లు మొదట అడిగింది, బాయిలర్ పక్క గోడలో గాలి కన్నం తెరిచుందా అని. చూస్తే అందులో నీ రగ్బీ మఫ్లర్ కుక్కి ఉంది. చలిగాలి కొడుతోందని నువ్వే కుక్కి ఉంటావు. పొగ బయటికి పోక ఇంట్లోనే తిరుగుతోందట, దానికి వాసన కూడా ఉండదట. "మా నాన్న పెట్టించిన బాయిలర్, మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అనేవాడివి. 

నిన్నొక్కణ్నే అనను. ఆదివారం విషవాయువు అలారం కీచుమంటుంటే బ్యాటరీ అయిపోయిందనుకుని షెడ్డులో పడేసింది నేనే.

అంబులెన్సు వచ్చింది.

నెరిస్

"పనిలో బాగానే ఉంటాను, ఇంటికొస్తేనే తలనొప్పి, అంతా నీ సణుగుడు వల్లే" అన్నావు. నేనూ నిజమేననుకుని నెల నుంచి నోరు మూసుకున్నాను.