టీ కప్పుల చప్పుడు ఆగిన మధ్యాహ్నం

లండన్,
మార్చి 6, 1989

నా ఎడ్నాకి,

ఈ చేతిరాత చూడగానే కవరు విప్పకుండా పడేస్తావేమో. పడేసినా అనే హక్కు నాకు లేదు. మనం విడిపోయాక నువ్వు రాసిన మూడు ఉత్తరాలనీ నేను విప్పకుండానే పొయ్యిలో వేశాను. అది 1951. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో నీకొక్క ముక్క రాయలేదు. లాంకాస్టర్‌లో నీ ఉన్ని దుకాణం అడ్రసు సంపాదించడానికి రెండు వారాలు పట్టింది.

మోర్‌కాంబ్‌లో మన జూబిలీ థియేటర్‌ని జూలైలో పడగొట్టేస్తున్నారట. జూన్‌లో, మూసేసే ముందు ఆఖరి వారం, ఒక్క మ్యాటినీకి పాత నాటకమొకటి వేస్తాం, మీరొచ్చి ఆడాలి అని అడిగారు. ఏ నాటకమో నువ్వే చెప్పగలవు. ఆ అక్కాచెల్లెళ్ళ నాటకమే.

వారానికొక కొత్త నాటకం ఆడేవాళ్ళం, గుర్తుందా? పగలు వచ్చే వారం నాటకం నేర్చుకోవడం, సాయంత్రం ఈ వారం నాటకం ఆడటం, పోయిన వారం నాటకాన్ని బుర్రలోంచి ఊడ్చేయడం. మిసెస్ హెస్కెత్ ఇంట్లో మనిద్దరికీ ఒకే గది. గ్యాస్ మీటర్లో షిల్లింగు నాణెం వేస్తే గాని స్టవ్ వెలిగేది కాదు. మంచం మీద కూర్చుని వెన్నలో వేసిన రొయ్యలు తింటూ నాచేత డైలాగులు అప్పజెప్పించేదానివి. నావి నేను చెబితే మిగతా అందరూ నువ్వే. ప్రియుడివీ నువ్వే, డాక్టరువీ నువ్వే, పోలీసువీ నువ్వే. ఆ తర్వాత చాలామంది పెద్ద నటులతో చేశాను గాని అంత బాగా ప్రేమించినవాడు ఒక్కడూ దొరకలేదు.

ఆ వారం నేను అరవయ్యేళ్ళ అక్కని. పాతికేళ్ళ జుట్టు నిండా టాల్కం పౌడరు. ఆ వేషం నువ్వు అడిగావు, మేనేజరు నాకిచ్చాడు, నీ చేతికి ఎప్పటిలాగే ప్రాంప్టింగ్ పుస్తకం ఇచ్చాడు, మాట మరిచినవాళ్ళకి తెర పక్క నుంచి అందించమని. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చావని నాకు తెలుసు.

బుధవారం మ్యాటినీకి లండన్ నుంచి ఒక సినిమా ఆయన వచ్చి కూర్చున్నాడు. మూడో అంకం. ఇరవయ్యేళ్ళ తర్వాత చెల్లెలు ఇంటికొచ్చి, "నా కోసం ఎదురుచూశావా అక్కా?" అని అడుగుతుంది. నేను చెప్పాల్సింది, "ఎదురుచూడలేదు. కిటికీ దగ్గర కూర్చోవడం అలవాటైంది, అంతే." ఎడ్నా, ఆ ముక్క ఎటు పోయిందో పోయింది. బుర్ర ఖాళీ. నీ వైపు చెవి ఒగ్గి నిలబడ్డాను. నువ్వు ఉలకలేదు, పలకలేదు. ఇంటర్వెల్‌లో ఇచ్చిన టీ ట్రేలు జనం ఒళ్ళోనే ఉండేవి కదా, ఆ కప్పుల గలగల కూడా ఆగిపోయింది. చివరికి ఎలాగో మాట దానంతటదే వచ్చింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ సినిమా ఆయన నా చేతులు పట్టుకుని, "ఆ మౌనం! ఆ మౌనం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు. నా బతుకంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. పేపర్లు నన్ను మౌనాల మహారాణి అన్నాయి. ప్రతి దర్శకుడూ "మీ మౌనం ఒకటి ఇక్కడ వెయ్యండి" అని అడిగేవాడు, కూరలో ఉప్పు వెయ్యమన్నట్టు. నేను లోపల ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టేదాన్ని. అదే నా కళ. ఎవరికీ చెప్పలేదు, నా భర్తకి కూడా. సిగ్గుతో చెప్పలేదు. ఆ సిగ్గుకి మూలం నువ్వేననుకుని, నీకు చెప్పకుండా ఆదివారం బండెక్కేశాను. వేషం రాలేదన్న కక్షతో కావాలనే నన్ను ముంచబోయావని నమ్మాను.

ఇప్పుడు నిజంగానే డైలాగులు జారిపోతున్నాయి. పోయినేడు లండన్‌లో ఒకే ఆటలో మూడుసార్లు తడబడ్డాను. నా పక్కన ఆడుతున్న చిన్నపిల్ల ఏవో మాటలు కల్పించి నెట్టుకొచ్చింది. అందుకే జూబిలీకి రానని ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పోస్టు చేసేలోపు ఒక్కటి తెలుసుకోవాలి. ఆ రోజు నువ్వు కావాలనే ఊరుకున్నావా?

నీ
హెస్టర్

⁂

లాంకాస్టర్,
మార్చి 10

మౌనాల మహారాణి గారికి,

ఉత్తరం దుకాణంలోనే విప్పాను. ఎదురుగా ఉన్నావిడ "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. "లేదమ్మా, పోయిందనుకున్న మనిషి ఉత్తరం రాసింది" అన్నాను.

కక్షా? నీ మొహం. వేషం రాలేదని ఏడ్చిన మాట నిజమే. మిసెస్ హెస్కెత్ పెట్టిన ఉల్లిపాయల పేగుకూర కన్నీళ్ళతో కలిపి తిన్నాను. దానికీ దీనికీ ఏం సంబంధమే?

మన స్టేజీ మేనేజరు టాటర్సల్ గారు పుస్తకం చేతిలో పెడుతూ ఏమన్నాడో నీకు తెలుసు. "పిల్లా, వేలు డైలాగు కింద, కళ్ళు వేలు మీద. తలెత్తావంటే తల తీసేస్తా." రెండేళ్ళు అలాగే చేశాను. నువ్వు ఆడిన నాటకాలన్నీ విన్నానే గాని ఒక్కటీ చూడలేదు. నీ ఊపిరిని బట్టి నువ్వు ఆగావో మరిచిపోయావో చెప్పేదాన్ని.

ఆ బుధవారం కప్పుల చప్పుడు ఆగిపోయింది. మోర్‌కాంబ్ మ్యాటినీలో కప్పులు ఆగడమేంటి, హాల్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందేమోనని భయపడి తలెత్తాను. నువ్వు కనిపించావు. తెల్లజుట్టుతో, కుర్చీ వీపు పట్టుకుని. హెస్టర్, నువ్వు మరిచిపోయావని నాకు తెలియలేదే. అసలు చేతిలో పుస్తకం ఉందనే తెలియలేదు. ఇరవయ్యేళ్ళు ఎదురుచూసిన మనిషిని చూస్తున్నాను, అంతే. నువ్వు మాట్లాడాక చూసుకుంటే పుస్తకం కాళ్ళ దగ్గర పడి ఉంది.

నేనే వెళ్ళి టాటర్సల్ గారితో చెప్పాను. ఆయన అరవలేదు. "చూడ్డానికి ఎనిమిదొందల మంది టిక్కెట్లు కొనుక్కున్నారు. చదవడానికి నువ్వొక్కదానివే ఉన్నావమ్మా" అని పుస్తకం తీసేసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు. సీజన్ అయ్యేదాకా కుర్చీలు మోశాను. తర్వాత విల్ఫ్‌ని పెళ్ళాడి ఉన్ని అమ్ముకున్నాను. విల్ఫ్ పోయి నాలుగేళ్ళయింది, మంచివాడు.

నా తప్పు నీకు తెలిసిపోయి కోపంతో వెళ్ళావనుకున్నాను. ఆ మూడు ఉత్తరాల్లో ఉన్నది ఒకటే మాట, క్షమించమని. నువ్వు చదివే ఊరుకున్నావనుకుని ఇన్నేళ్ళూ బాధపడ్డాను. చదవకుండా కాల్చేశావని ఇవాళ తెలిసింది. తిట్టాలో సంతోషించాలో తెలియక దుకాణం గంట ముందే మూసేశాను.

ఇంకోటి చెప్పనా? నీ సినిమాలన్నీ చూశాను, కొన్ని రెండేసిసార్లు. లెక్కపెడుతున్నావని మొదటి దానిలోనే కనిపెట్టాను. ఎనిమిది దగ్గర నీ కనుబొమ్మ కదులుతుంది.

రానని రాసిన ఆ ఉత్తరం ఇప్పుడే చింపెయ్. నువ్వు ఆడుతున్నావు, పుస్తకం నేను పట్టుకుంటున్నాను. కొత్త కళ్ళజోడు చేయించుకున్నాను. ఈసారి థియేటర్ పైకప్పు విరిగి నెత్తిన పడ్డా తలెత్తను.

నీ
ఎడ్నా

⁂

లండన్,
జూన్ 25, 1989

నా ప్రియుడూ డాక్టరూ పోలీసూ అయిన ఎడ్నాకి,

బండిలోనే రాద్దామనుకున్నాను, ఆ కుదుపులకి కుదరలేదు. నువ్వు కట్టిచ్చిన కేకు క్రూ స్టేషన్ రాకముందే అయిపోయింది.

ఈసారి జుట్టుకి పౌడరు అక్కర్లేకపోయింది. మేకప్ అమ్మాయి డబ్బా తెరిచి నన్ను చూసి మూసేసింది. తెర లేచే ముందు నీ వైపు చూశాను. గోడకి ఆనుకుని, స్టూలు మీద, వేలు డైలాగు కింద పెట్టుకుని, బడిపిల్లలా కూర్చున్నావు. నిజంగానే తలెత్తలేదు. మొదటి అంకంలో రెండుసార్లు జారాను, రెండుసార్లూ నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా అందించావు.

మూడో అంకంలో చెల్లెలు వచ్చింది. "నా కోసం ఎదురుచూశావా అక్కా?" అంది. నేను ఆగాను. కప్పులు కూడా ఆగాయి. ఒకటి, రెండు... మూడు దాకా వెళ్ళనిచ్చావా! "ఎదురుచూడలేదు!" అని అరిచావు. బాల్కనీ చివరి వరసలో ఉన్నాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వేశాను. ముప్పై ఎనిమిదేళ్ళ నా మౌనం మోర్‌కాంబ్‌లో పుట్టి మోర్‌కాంబ్‌లోనే పోయింది.

ఆట అయ్యాక నన్ను పట్టుకుని దులిపేశావు. "ఇంత చిన్న ముక్క కూడా గుర్తులేదటే? నీ మొహానికి మహారాణి బిరుదొకటి!" అన్నావు. అందరి ముందూ నిజం చెప్పలేకపోయాను.

ఎడ్నా, నేను మరిచిపోలేదు. ఈమధ్య తాళాలు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాను, పక్కింటావిడ పేరు మరిచిపోతున్నాను. ఆ ముక్క మాత్రం మరిచిపోను. ఆ రోజు నీ గొంతు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను చూడు, ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. ఒక్కసారి అది వినాలనిపించింది. అందుకే ఆగాను.

నీ
హెస్టర్