పైవాళ్ళ యూరప్ – కిందవాళ్ళ గోడ

ఎటోబికో,
21 అక్టోబర్ 2023, శనివారం (ఈమెయిల్‌లో)

పై అంతస్తు దక్షిణామూర్తి అంకుల్, శ్యామల ఆంటీ గార్లకు,

నిరసనతో కూడిన నమస్కారాలు.

జరిగిన తప్పు ఇది: నిన్న ఉదయం పదింబావుకి రామమోహనరావు అనే పెద్దమనిషి టేపు పట్టుకుని మా బేస్‌మెంట్‌లోకి దిగి, ఇరవై నాలుగు గంటల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా, నా గదిలో, నా మంచం పక్క గోడని అడ్డంగానూ నిలువుగానూ కొలిచాడు. చేయించినవారు: మీరు. మీరు గురువారం యూరప్ విమానం ఎక్కారు, ఆయన శుక్రవారం మా మెట్లు దిగాడు. ఇది కాకతాళీయం అనుకోవడానికి మేమేం పసిపిల్లలం కాదు.

"ఎందుకండీ కొలుస్తున్నారు?" అని అడిగాను. "ఎవరికీ చెప్పొద్దన్నారు బాబూ" అని నవ్వాడు. ఆంటీ, ఆ నవ్వు నేను మర్చిపోను.

ఈ వీధి సంగతి మీకు తెలియంది కాదు. ఇండియా నుంచి వచ్చే ప్రతి ఫ్లైటూ స్టూడెంట్లని దింపుతూనే ఉంది, ప్రతి బేస్‌మెంట్లోనూ కొత్త గోడలు లేస్తూనే ఉన్నాయి. ఎదురింటి బేస్‌మెంట్లో ఇప్పుడు పదకొండు మంది. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన పడుకునే అతని పేరు కూడా ఎవరికీ తెలీదు, వేడిగాడు అంటారు. నా గదిని రెండు చేసి, మా ముగ్గుర్ని పంపి, ఆరుగురిని దింపాలన్నదే మీ పథకమని మా సంఘం నిర్ధారణకు వచ్చింది. డిసెంబర్లో నాకు ఆఖరి సెమిస్టర్ పరీక్షలు. ఇప్పుడు ఈ గది పోతే ఈ ఊళ్ళో నాకు ఇంకో గది దొరకదు. వెంటనే సంజాయిషీ ఇవ్వండి.

ఇట్లు,
కిరీటి
అధ్యక్షుడు మరియు కార్యదర్శి, బేస్‌మెంట్ అద్దెదారుల సంఘం
(సభ్యులు: వీర్రాజు, సాయి తేజ. వీర్రాజు ఇంకా ఒప్పుకోలేదు)

తా.క. ఆంటీ, ఇది మీ మీద కోపం కాదు, వ్యవస్థ మీద. రోజూ మెట్ల మీంచి "బయట వానా ఎండా?" అని అరిస్తే మీరు చెప్పేవారు. ఇవాళ చెప్పేవాళ్ళు లేక కోటు లేకుండా వెళ్ళి, బస్టాపులో ముద్దగా తడిశాను.

———

లిస్బన్, హోటల్ లాబీ
23 అక్టోబర్

చి॥ కిరీటికి శ్యామల ఆంటీ ఆశీస్సులు.

ముందు నా గోడు విను నాన్నా, నీ గోడ సంగతి తర్వాత. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళకి మీ అంకుల్ యూరప్ తీసుకొస్తానన్నారా, విమానం ఎక్కించి కూడా నాలుగు గంటలు నేల మీదే కూర్చోబెట్టారు. ఆయన టూర్ మొత్తం కంప్యూటర్లో గళ్ళు గళ్ళుగా వేసి, లామినేషన్ చేయించి మెళ్ళో తగిలించుకున్నారు. అందులో "ఉ. 9.10 – 9.25: సముద్రం చూచుట" అని ఉంది. ఆ తొమ్మిదీ పదికి మేం చూసింది సూట్‌కేసులు తిరిగే బెల్టు. అయినా ఆయన టిక్కు పెట్టేసుకున్నారు. ఇవాళ ఇంకో హోటల్‌కి మారితే మూడింటిదాకా రూము లేదన్నారు. అందుకే లాబీలో కూర్చుని నీకు రాస్తున్నా, ఈయన పక్కన కూర్చునే నిద్రపోతున్నారు. గళ్ళలో ఇప్పుడు "విశ్రాంతి" అనే ఉందిలే.

ఇక రామమోహనరావు గారి సంగతి. అది ఇప్పుడు అడక్కు. అయ్యాక నీకే తెలుస్తుంది. పని అయ్యేదాకా నోరు విప్పితే దిష్టి తగులుతుందని మీ అంకుల్ పట్టుదల. ఆయన మళ్ళీ వస్తారు, కాస్త చెయ్యనివ్వండి. వీర్రాజుని టీ పెట్టివ్వమను.

ఆశీస్సులతో,
శ్యామల ఆంటీ

తా.క. ఫోన్లో చూశా. రేపు ఎటోబికోలో పొద్దున ఎండ, మూడింటికి వాన. ఎండని చూసి మోసపోకు, గొడుగు పట్టుకెళ్ళు.

———

ఎటోబికో,
25 అక్టోబర్

గౌరవనీయులైన ప్రతిపక్షానికి,

"అయ్యాక నీకే తెలుస్తుంది" అని రాశారు. చరిత్రలో అన్యాయానికి గురైన ప్రతివాడికీ అయ్యాకే తెలిసింది ఆంటీ! దిష్టి అన్నారు. దిష్టి అనేది పైవాళ్ళు కిందవాళ్ళకి విషయం చెప్పకుండా ఉండటానికి కనిపెట్టిన సాధనమని నేను బస్సులో చదివిన ఒక కరపత్రంలో స్పష్టంగా ఉంది.

నిన్న వాషింగ్ మెషీన్ పక్కన అత్యవసర సమావేశం జరిపాం. తీర్మానం చదువుతుండగా మెషీన్ స్పిన్‌లో పడి నా ప్రసంగం ఎవరికీ వినబడలేదు, అయినా ఏకగ్రీవంగా నెగ్గింది. ఇవాళ రామమోహనరావు గారు రాగానే ముగ్గురం మెట్ల మీద అడ్డంగా కూర్చుని "కొలతలు వద్దు!" అని నినదించాం. ఆయన పావుగంట నిలబడి వెళ్ళిపోయాడు. ఆ పావుగంటలో వీర్రాజు ఆయనకి టీ ఇచ్చాడు. సంఘం దీన్ని ఖండించింది.

మీ ప్రయాణం గురించి: అక్కడి రూలు ప్రకారం చిన్న ఫ్లైట్ రెండు గంటలు లేటైతే మీకు తిండి పెట్టాలి. అది దయ కాదు, హక్కు. అడగండి, గట్టిగా అడగండి, నలుగుర్నీ కలుపుకుని అడగండి. ఇంకో మాట. మెళ్ళో లామినేషన్ వేసుకున్నవాడే పాలకుడు. మీరుండేది పై అంతస్తే గాని, ఆయన గళ్ళలో మీరూ అద్దెకున్నవారే. మేల్కొనండి!

పోరాట అభినందనలతో,
కిరీటి

తా.క. మీరు గొడుగన్నారు, పట్టుకెళ్ళాను, సరిగ్గా మూడింటికి వాన పడింది. దీనికి కృతజ్ఞత వేరే ఉత్తరంలో తెలుపుతాను. ఇందులో కలిపితే స్వరం మెత్తబడుతుంది.

———

రోమ్, నాలుగో అంతస్తు
29 అక్టోబర్

చి॥ కిరీటికి,

మేల్కొన్నాను నాన్నా!

బార్సిలోనా నుంచి రోమ్‌కి రెండు గంటలు కూడా లేని ఫ్లైటు. అరగంట లేటన్నారు, అది గంటన్నారు, ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. అలా ఆరు గంటలు. మీ అంకుల్ గళ్ళు కొట్టేసి మళ్ళీ రాసుకుంటూ కూర్చున్నారు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. లేచి గేటు దగ్గర ఎయిర్‌లైన్ పిల్లకి నీ మాటలే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పా. నా వెనకాల ఇద్దరు స్పానిష్ మామ్మలు నిలబడ్డారు. వాళ్ళ వెనక స్కూలు పిల్లలు, వాళ్ళ వెనక ఒక పెళ్ళిబృందం. ఎవరి భాషలో వాళ్ళం అరిచాం. పది నిమిషాల్లో అందరికీ శాండ్‌విచ్‌లూ నీళ్ళూ వచ్చాయి! అంతసేపూ మీ అంకుల్ స్తంభం వెనకాల ఉన్నారు, నేనెవరో తెలీనట్టు. శాండ్‌విచ్‌లు రాగానే "మా ఆవిడే" అని అందరికీ చెప్పి రెండు తిన్నారు.

ఆ ఊపులో గళ్ళ కాగితం లాక్కుని చింపబోయా. లామినేషన్ కదా, చిరగలేదు. వంచాను. అప్పట్నుంచీ దాన్ని విసనకర్రలా వాడుతున్నాం. ఈ హోటల్ లిఫ్టులో ఒక మనిషి పడతాడు లేదా ఒక సూట్‌కేసు పడుతుంది. సూట్‌కేసులు లిఫ్టులో వచ్చాయి, మేం మెట్లెక్కాం.

కానీ కిరీటీ, రామమోహనరావు గారిని వెనక్కి పంపేశావట. ఎంత పని చేశావు! నేల గడ్డ కట్టేలోపల ఆ పని అయిపోవాలి. శుక్రవారం సాయంత్రం మళ్ళీ వస్తారు. దయచేసి నీ మంచం ఆ గోడ దగ్గర్నుంచి తీసేసి ఉంచు. ఎందుకని అడక్కు.

నీ పోరాటానికి జై, ఈ ఒక్క విషయంలో తప్ప,
శ్యామల ఆంటీ

తా.క. ఎల్లుండి మీకు తొలి మంచు. బూట్లు మెట్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. సాయి తేజవి ఎర్ర లేసులవి, నువ్వు వేసుకుపోకు, పోయినేడు అలాగే గొడవైంది.

———

ఎటోబికో,
31 అక్టోబర్

శ్యామల ఆంటీ గారికి,

"నీ మంచం తీసేసి ఉంచు." ఈ వాక్యం మీ చేత్తో రాశారని నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. గేటు దగ్గర నలుగురి తిండి కోసం అరిచిన మనిషి, ఇంట్లో ఒకడి మంచం తీయించడమా? స్పానిష్ మామ్మలకి తెలిస్తే ఏమనుకుంటారు?

మంచం కదలదు. ఇప్పుడు దాని మీదే కూర్చుని రాస్తున్నాను. ఈ కింది కరపత్రం ఈ వీధిలోని ప్రతి బేస్‌మెంట్ తలుపు కిందా తోశాను. ఎదురింట్లో పదకొండు కాపీలు ఇచ్చాను.

"బేస్‌మెంట్ వాసులారా! ఇవాళ మా గోడ, రేపు మీ గోడ! ఆపుదాం రండి! శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, మా ఇంటి పక్కవైపు తలుపు దగ్గర!"

రాజీలేని,
కిరీటి

తా.క. మంచు పడింది. బూట్లు వేసుకున్నాను. ఇది ఉద్యమ విరమణ కాదు.

———

ఏథెన్స్ ఎయిర్‌పోర్ట్, పదిహేడో గేటు
2 నవంబర్

చి॥ కిరీటికి,

మా ఫ్లైటు క్యాన్సిల్ అయింది. మధ్యలో ఇంకో ఊళ్ళో ఆగి శనివారం రావాల్సినవాళ్ళం ఆదివారం మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరం. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఇంతసేపు మేమిద్దరం ఇలా కూర్చుని కబుర్లు చెప్పుకుని ఎన్నేళ్ళయిందో! ఆయనకి పాటలొచ్చని నాకు ఇవాళే తెలిసింది. బాగా రావనుకో.

నీ కరపత్రం చూపిస్తే ఆయన మొహం మాడిపోయింది. "చెప్పేద్దామండీ, పిల్లాడు అల్లాడిపోతున్నాడు" అంటే, "గోడకి మొదటి దెబ్బ పడేదాకా చెప్పేది లేదు" అంటారు. సిటీ నుంచి అనుమతి కాగితం వచ్చిందట కూడా, అయినా సరే. నిన్నెవరూ పంపెయ్యరు. ఈ ఒక్క మాట నమ్ము.

నీ,
శ్యామల ఆంటీ

(కిరీటీ, ఆ గోడకి ఏమీ తగిలించకు. మంచం తియ్యి. – ద.మూ.)

తా.క. శుక్రవారం పొడిగా ఉంటుంది, గాలి ఎక్కువ. మీ సభ బయట పెట్టుకుంటే చెవులకి టోపీలు పెట్టుకోమను.

———

ఎటోబికో,
3 నవంబర్, శుక్రవారం, సాయంత్రం ఆరున్నర

పూజ్యులైన దక్షిణామూర్తి అంకుల్, శ్యామల ఆంటీ గార్లకు,

జరిగిన తప్పు ఇది: నిర్మాణంలో ఉన్న ఒక కిటికీని రెండు వారాల పాటు అడ్డుకోవడం, పెద్దవారైన రామమోహనరావు గారిని మెట్ల మీద ఆపడం, టీ ఇచ్చిన సభ్యుణ్ణి ఖండించడం. చేసినవాడు: నేను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాలుగింటికి పంతొమ్మిది మంది వచ్చారు, అందరూ చెవుల టోపీలతో. ఫర్నేస్ పక్కన పడుకునే అతను కూడా వచ్చాడు. అతని పేరు రేవంత్ అట, నేనే అడిగి తెలుసుకున్నాను. మెట్ల నిండా కూర్చుని నినాదాలు మొదలుపెట్టాం. రామమోహనరావు గారు పైమెట్టు దగ్గర ఆగి మమ్మల్నందర్నీ చూశారు. "నా వల్ల కాదు బాబూ. ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళ పనులు చేస్తున్నాను, ఇలాంటిదానికి ధర్నా చేసినవాళ్ళని ఎక్కడా చూడలేదు. ఇది మీరే ఉంచుకోండి" అని చేతిలో కాగితం చుట్ట వీర్రాజు ఒళ్ళో పడేసి వెళ్ళిపోయారు.

వీర్రాజు విప్పాడు. నా గది. నా గోడ. ఆ గోడలో నాలుగడుగుల కిటికీ. పక్కన మూలగా మీ చేతిరాత, ఆంటీ: "కిరీటి మంచం ఎదురు గోడకి జరపాలి. ఇక్కడే ఉంటే పొద్దున ఎండ కళ్ళలో కొట్టి చిరాకు పడతాడు. లేవగానే ఆకాశం కనిపిస్తే వానో ఎండో వాడే చూసుకుంటాడు."

కాగితం పంతొమ్మిది మంది చేతులూ దాటింది. చివరికి రేవంత్ మెల్లగా అడిగాడు: "అన్నా, మనం ఇంతసేపు ఆపింది కిటికీనా?"

నా రాజకీయ జీవితంలో ఇంత కష్టమైన ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

చెప్పుల్లోనే ఆయన వ్యాన్ వెంట పరిగెత్తాను. వీధి చివర రెడ్ లైట్ పుణ్యమా అని దొరికారు. ఆయన మనుషులు ఇవాళే వేరే పనికి వెళ్ళిపోయారట, పది రోజుల దాకా రారు. అప్పటికి నేల గట్టిపడితే పని వేసవికే. చేతులు పట్టుకుని బతిమాలాను. ఆయన, "నేలలో పైపులెక్కడున్నాయో గుర్తులు ముందే పెట్టించాను. గోడ బయట కిటికీ అడుగుదాకా గొయ్యి రేపు సాయంత్రానికి మీరే తవ్వి ఉంచితే, సోమవారం నేనే వచ్చి గోడ కోస్తా. పొద్దున వచ్చి ఎక్కడ తవ్వాలో చూపిస్తా" అన్నారు. అని, "టీ మాత్రం ఆ కుర్రాడే పెట్టాలి" అన్నారు. వీర్రాజుని సంఘం ఉపాధ్యక్షుణ్ణి చేశాం. ఇప్పుడు ఒప్పుకున్నాడు.

అంకుల్, అయ్యేదాకా చెప్పకూడదన్న మీ నమ్మకాన్ని ఇప్పటికీ ఖండిస్తున్నాను. ముందే చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. కానీ ఒక నిజం ఒప్పుకోవాలి. వేసవిలో నా డ్రైవింగ్ టెస్టు తేదీ నేనూ ఎవరికీ చెప్పలేదు. పాసయ్యాకే లడ్డూలు పంచాను. అంతకుముందు ఒకసారి ఫెయిలైన సంగతి ఇప్పుడు మీకే మొదట చెబుతున్నాను.

మంచం ఎదురు గోడకి జరిపాను. ఆంటీ, కిటికీ వచ్చినా పొద్దున్నే మెట్ల మీంచి "వానా ఎండా?" అని అరుస్తాను. మీరు చెప్పాల్సిందే. అది నా హక్కు.

సిగ్గుతోనూ ప్రేమతోనూ,
మీ కింద అంతస్తు కిరీటి

తా.క. మిగిలిన కరపత్రాల మీద "ఆపుదాం" కొట్టేసి "తవ్వుదాం" అని రాశాను. సాయి తేజ ఇప్పుడే ఎదురింటికి పట్టుకెళ్ళాడు. మీకూ ఒకటి:

"బేస్‌మెంట్ వాసులారా! ఇవాళ మా కిటికీ, రేపు మీ కిటికీ! పార ఉన్నవాళ్ళు పారతో, లేనివాళ్ళు చేతులతో, రేపు శనివారం ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు, మా పెరట్లోకి తరలి రండి!"