సుస్మితకు తోడుగా

2021 మే 9

డ్యూటీ దిగి వచ్చేసరికి సుస్మిత నల్లా దగ్గర చేతులు కడుగుతోంది. నేను స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేసి, అన్నం వండేసరికి కూడా కడుగుతూనే ఉంది. తోలు లేచి వేళ్లు ఎర్రబడ్డాయి. ఇద్దరం ఒకే కొవిడ్ వార్డులో నర్సులం. కిరాయి రూమూ ఒకటే. అయినా ఆ పిల్లకేమైందో నాకు తెలియదు.

మే 12

ఆక్సీమీటర్ వేలికి పెట్టుకున్నాను. 97. మళ్లీ పెట్టాను. 98. బ్యాటరీ అయిపోతోందేమో.

మే 15

సుస్మిత ఈరోజు చెప్పింది. కిటికీ పక్క బెడ్ మీది దశరథ్ సార్ చేయి పట్టుకుని జర సేపు కూర్చొమ్మన్నాడట. అవతల ఇంకొకరికి ఆక్సిజన్ పడిపోతుంటే విడిపించుకుని వెళ్లిందట.

“నేనొచ్చేసరికి పాణం పోయింది. చెయ్యి ఇంకా చాపే ఉందక్కా.”

నీ తప్పేం లేదన్నాను. ఆ మాట మాత్రం అనొద్దంది.

నేను గట్టిగా ఉండాలి. ఇద్దరం పడిపోతే ఎలా?

మే 18

అమ్మ ఫోన్ చేసింది. తిన్నానని, బాగున్నానని చెప్పాను. పెట్టేశాక గుండె దడ. తలుపు గడియ వేశానో లేదో అని లేచి చూశాను. వేసే ఉంది. మళ్లీ చూశాను. కాఫీ మానేయాలి.

మే 23

సుస్మిత పీపీఈ కిట్ వేసుకుని వార్డు గుమ్మంలో నిలబడిపోయింది. కాలు లోపలికి పడలేదు. హెడ్ నర్స్ లీలమ్మ మేడం కోప్పడబోయి, దాని ముఖం చూసి ఆగిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రేపు సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లమని నాతో చెప్పింది.

మే 24

వెళ్లాం. సుస్మిత మాట్లాడలేకపోతే నేనే అన్నీ చెప్పాను. తినడం లేదని, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తుందని, గోడకానుకుని కూర్చుంటుందని.

అదంతా మీకెలా తెలుసమ్మా అని అడిగారు డాక్టర్.

మేలుకునే ఉంటా కదా సార్ అన్నాను.

రోజూనా అన్నారు.

సుస్మిత చెప్పింది, ఎక్కడో దూరం నుంచి చెప్పినట్టు.

“గ్లోరక్క అస్సలు పండుకుంటలేదు సార్. నాకన్న ముందుగాల్నే సురువైంది.”

నేను తోడు వచ్చానంతే అన్నాను. చాలాసార్లు అన్నాను. డాక్టర్ ఇంకో ఓపీ చీటీ తెప్పించి నా పేరు అడిగారు. పేరు చెబుతుంటే ఏడుపొచ్చింది. మాస్కంతా తడిసిపోయింది.

మే 25

ఇద్దరికీ లీవ్. సిగ్గుగా ఉంది. వార్డులో మనుషులు లేరు, నేను ఇక్కడ పడుకుని సీలింగ్ చూస్తున్నాను. లీలమ్మ మేడంకి ఫోన్ చేసి వస్తానన్నాను.

“నయమైనంకనే రా,” అంది.

మే 28

సుస్మితను వాళ్ల అన్న వచ్చి తీసుకెళ్లాడు. బండెక్కే ముందు, మాత్రలు వేసుకో అక్కా అని చెప్పి పోయింది. రాత్రి అమ్మకు ఫోన్ చేసి, నిద్ర పట్టడం లేదని ఈసారి నిజమే చెప్పాను.

జూన్ 2

టెస్ట్ నెగెటివ్. పొద్దున్నే ఊరికి బస్సెక్కాను.

మరికల్‌లో కండక్టర్ లేపాడు. నేను దిగాల్సిన దేవరకద్ర ఎప్పుడో దాటిపోయింది. అక్కడ నాకోసం చూస్తున్న అమ్మకు ఫోన్ చేసి, బస్సులో నిద్రపోయానని చెప్పాను.

“నిజంగ పండుకున్నవా బిడ్డా?” అంది.