వానకు ఇంగ్లీషు రాదు

ఇందుకూరుపేట దగ్గర, బంగళా బడి నుంచి.

నాన్నగారికి, మీ రూతు వందనాలు.

ప్రభువు దయవల్ల నాకు ఏమీ కాలేదు. మా బడి మిద్దె కూలిందని ఈపాటికి ఎవరైనా మీకు చెప్పి ఉంటారు, అందుకే ఈ మాట ముందు రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చెల్లి పరీక్షలు బాగా రాసిందా? నేను క్షేమం. పిల్లలందరూ క్షేమం. పిచ్చమ్మ లేదు.

బడి ఊడ్చి, నాకింత చేపల పులుసు వండిపెట్టే ముసలామె అని రాశాను కదా, ఆమే. ఒంగోలు వదిలి ఈ ఉప్పుగాలిలోకి వచ్చిన ఏడాదిన్నరలో నాతో రోజూ మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఈ బంగళాను ఉప్పు కొఠార్ల అజమాయిషీ చూసిన ఒక దొర కట్టించాడట. గాలి ఇల్లంతా తిరిగేలా తలుపుకు ఎదురు తలుపు, వరండాకు లావాటి గుండ్రటి స్తంభాలు, గోడలకు గుడ్డు పెంకులాంటి నున్నటి గచ్చు. తర్వాత నెల్లూరు ఆసామి ఒకాయన కొన్నాడు. ఆయన కొడుకులు మద్రాసు చేరాక గబ్బిలాలు వచ్చాయి, వాటి తర్వాత ఈ ఆడపిల్లల బడి వచ్చింది. మిద్దె మీకు తెలిసిన పద్ధతే. టేకు దూలాల మీద ఏటవాలుగా నిలబెట్టిన ఇటుకలు, పైన సున్నం. ఆసామి దాన్ని తిరగవేయించినప్పుడు పిచ్చమ్మ పడుచుపిల్ల. ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ చల్లుతూ, సున్నం గట్టిపడేదాకా చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టారట. తను కొట్టిన పలకను ఆమె ఇన్నేళ్ళూ దాచుకుంది.

పోయినేడు వానలకు వెనక గది కారింది. మిద్దె అంతటి మీదా సిమెంటు వేయిద్దామన్నారు పంచాయతీ ప్రెసిడెంటు గారు. సిమెంటుకు పర్మిట్ కావాలి, పర్మిట్‌కు ఇంగ్లీషు అర్జీ కావాలి. రాసింది నేనే. రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా. పర్మిట్ వచ్చింది. ఊరంతా నా చేతిరాతను మెచ్చుకుంది. పిచ్చమ్మ మాత్రం మూతి విరిచింది.

"సున్నానికి ఊపిరి ఉండాది తల్లీ. నానతది, మళ్ళా ఎండతది. దాని మూతి మూసేస్తే ఎట్టా?"

"సిమెంటులోంచి నీళ్ళు దిగవు పిచ్చమ్మా. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉండాదంట! ఇంగిలీసులో రాసినావు, సరే. వానకి ఇంగిలీసు రాదు గదమ్మే."

నేను నవ్వాను.

మీకు ఒక కార్డు రాసి అడగవలసింది నాన్నా. జన్మంతా సున్నం పని చేసిన మనిషి ఇంట్లో ఉండగా పుస్తకాన్ని అడిగాను. కాన్వెంటుకు మీరు నన్ను చూడవచ్చినప్పుడు, పగిలిన మీ చేతులు తోటిపిల్లల కంట పడకూడదని గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడేదాన్ని. ఆ బుద్ధి ఇంకా పోలేదు.

ఈ ఏడు ఒక్క చుక్క కారలేదు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయని మేమెవరం అడగలేదు. సిమెంటు పగుళ్ళలోంచి దిగి, ఆరే దారిలేక, సున్నంలోనే నిలిచాయి. మిద్దె బరువెక్కింది. గోడల్లో దూలాల కొసలు మెత్తబడ్డాయి. మంగళవారం వాన వెలిసి ఎండ కాసింది. పిల్లలు బయట ప్రార్థనకు నిలబడ్డారు. వెనక గదిలోంచి చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత మిద్దె పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

నిన్న ప్రెసిడెంటు గారు పైఅధికారులకు రిపోర్టు రాయమని తెల్లకాగితాలు తెచ్చారు.

"పాత మిద్దె, పడిపోయింది. అంతే గదమ్మా? మీ ఇంగ్లీషులో చక్కంగా రాసేయండి. మిగతాది కూడా పడగొట్టి దూలాలు తీసుకుంటామని ఆసామి కొడుకులు కబురు పెట్టినారు."

అలా రాస్తే బడి పోతుంది. సిమెంటు మాట రాస్తే నా ఉద్యోగం పోవచ్చు. మిద్దె పాతదై పడలేదనీ, సిమెంటు కోసం అర్జీ రాసింది నేనేననీ, వద్దన్న మనిషే దాని కింద పోయిందనీ రాశాను. ఈ ఉత్తరంతోపాటే దాన్నీ టపాలో వేస్తున్నాను.

ముందు హాలు మీద కూడా అదే సిమెంటు ఉంది. దానికి తాళం వేసి, పిల్లలకు సరుగుడు తోపులో పాఠం చెబుతున్నాను. మీరు ఒక్కసారి రండి నాన్నా. సిమెంటు చెక్కేస్తే నిలుస్తుందో లేదో మీరు చేత్తో తట్టి చెప్పగలరు. నిలవదంటే అదే రాస్తాను. మీ పలక తేనక్కరలేదు, పిచ్చమ్మది ఉంది.

నా గురించి బెంగ వద్దు. అన్నం నేనే వండుకుంటున్నాను. మాడుతోంది, తింటున్నాను. అమ్మ కాస్త కందిపొడి పంపితే చాలు. తాతయ్యకూ పాస్టరు గారికీ నా వందనాలు చెప్పండి. ఇంటి ప్రార్థనలో పిచ్చమ్మ పేరు చెప్పి, ఆ తర్వాత నా పేరు చెప్పండి.

మీ కుమార్తె,
రూతు